నాయనకు పార్కిన్సన్స్, రాత్రంతా అరుపులు, తన్నులు. ఇది జబ్బు వల్లనా, మాత్రల వల్లనా?

చెనిక్కాయల చేను (అనంతపురం):

అందరికీ నమస్తే. రోంత పెద్ద పోస్టు, ఓపికుంటే చదవండి. మా నాయనకు 68 ఏండ్లు, పార్కిన్సన్స్ అని తెలిసి ఐదేండ్లయింది. మాది ఉరవకొండ పక్క పల్లె, చెనిక్కాయ సేద్యం, జబ్బు ముదిరినాక భూమి గుత్తకిచ్చి అమ్మానాయనల ఇద్దర్నీ అనంతపురానికి నా దగ్గరికే తెచ్చుకున్నా. పగలు పర్వాలేదు, చెయ్యి వణుకు మాత్రలతో తగ్గింది, వంగి నడుస్తాడు, గొంతు సన్నబడింది, అంతే. పొద్దు మునిగితేనే మా ఇంట్లో భయం.

తొమ్మిదికి పండుకుంటాడు, పదకొండు దాకా బాగనే ఉంటాది. ఒంటిగంటకో రెండింటికో ఉన్నట్టుండి "హోయ్... హోయ్... పందులొచ్చినాయ్ రా" అని అరుపు, చేతులు విసరడం, కాళ్ళతో తన్నడం. చేను కాపలా కాసిన మనిషి కదా, అడవిపందుల్ని తరిమినట్టే ఉంటాది. పగలు పక్కన కూచున్నా వినపడని గొంతు రాత్రి వీధి చివరిదాకా యాన్నుంచి వస్తాదో అర్థం కాదు. లేపి అడిగితే కలొచ్చిందంటాడు, పొద్దునకి ఒక్కోసారి అదీ గుర్తుండదు. పోయిన నెల అమ్మ చెయ్యి మీద తన్నినాడు, మణికట్టు వాచి పది రోజులు కట్టు. అమ్మ బాత్రూంలో జారినా అని చెప్పింది అందరికీ. అసలు సంగతి మా పాప చెప్పింది నాకు.

ఇదొక్కటేనా అంటే కాదు, రాత్రికి నాలుగైదు సార్లు ఒంటికి లేస్తాడు, లేవడమంటే ఆయనంతట ఆయన లేవలేడు, ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిరగాలన్నా అమ్మే తిప్పాల. తెల్లారుజామున నాలుగ్గంటలకి ఎడమకాలి వేళ్ళు కొంకర్లు పోతాయి, ఆ నొప్పికి పెద్దమనిషి ఏడుస్తాడు, ఏడు గంటల మాత్ర పడి ఒక అరగంట గంట అయితే గానీ సర్దుకోదు. ఇంక పగలంతా కుర్చీలో తూగడమే. మొన్న ఉగ్గాని తింటా తింటా ప్లేటు ఒళ్ళో పెట్టుకొని నిద్రపోయినాడు, నోట్లో ముద్ద అట్లనే ఉంది.

ఈ జబ్బుకి వాడే మాత్రలు: సిండోపా ప్లస్ పొద్దున 7, మధ్యాన్నం 1, సందకాడ 7. ప్రమిపెక్సోల్ మూడు పూటలా. పాసిటేన్ రెండు పూటలా. చూసే డాక్టరుకి నిద్ర సంగతి చెప్తే వయసు కదా ఉంటాదిలే అన్నాడు, రెండు నిమిషాల్లో బయటికొచ్చేసినాం. మెడికల్ షాపాయన ఆల్ప్రజోలామ్ సగం మాత్ర ఇమ్మంటే ఇచ్చినా, నాదే తప్పు, ఆ రాత్రి పండుకున్నాడు గానీ తెల్లారి బాత్రూం కాడ కూలబడినాడు, ఎముక ఇరగలేదు అదే పదివేలు.

మా పెద్దమ్మేమో గాలి సోకింది, కసాపురం తీసుకుపోయి స్వామి కాడ మూడు రాత్రులు నిద్ర చేయించండి అంటాంది. నిద్రే లేని మనిషి చేత నిద్ర చేయించేదేంది అని నవ్వొచ్చింది, అయినా అమ్మ మాట కాదనలేక పోయొచ్చినాం, సత్రంలో కూడా పందుల్ని తరిమినాడు, పక్కనోళ్ళు లేచి కూచున్నారు.

అడిగేది ఏందంటే, ఇదంతా జబ్బా, మాత్రలా? నిద్రమాత్ర ఏదైనా వాడొచ్చా? బెంగళూరు పోవాల్నా? అమ్మకు 62, షుగర్ ఉంది, ఆమె నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నాకే తెలీదు.

*

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):

తమ్ముడూ, "బాత్రూంలో జారినా" అన్న మాట దగ్గర ఆగిపోయినా నేను. మా నాయన కూడా అదే చెప్పినాడు, కాకపోతే కన్ను కింద కమిలింది కాబట్టి దాచలేకపోయినాడు. మా ఇంట్లో జబ్బు అమ్మది, తొమ్మిదేండ్లయింది.

నువ్వు అన్నీ కలిపి ఒకే ముద్ద చేసి నిద్ర సమస్య అంటాండావు, మేమూ అట్లనే అన్నాం చాన్నాళ్ళు. మా అమ్మను చూసే న్యూరో మేడం విడదీసి చెప్పింది. మీ నాయన విషయంలోనే చూడు, కలలో తన్నడం ఒకటి, పక్కకు తిరగలేకపోవడం ఇంకొకటి, ఒంటికి లేవడం ఇంకొకటి, తెల్లారుజామున కాలు కొంకర్లు వేరే, పగలు తూగడం వేరే. దేని కారణం దానిది, దేని మందు దానిది. అందుకే ఒక నిద్రమాత్రతో ఏదీ పోదు, పైగా పడిపోవడం కొత్తగా తెచ్చుకున్నారు మీరు.

కలల సంగతి చెప్తా. మనం కలలు కనేటప్పుడు, ఆర్ఈఎమ్ నిద్ర అంటారు, మెదడు ఒంటిని కట్టేసి పెడతాది, అందుకే కలలో పరిగెత్తినా మంచం మీద మన కాళ్ళు కదలవు. ఆ కట్టు వేసేది మెదడు కింది భాగం, బ్రెయిన్ స్టెమ్. ఈ జబ్బులో ఆ తావు దెబ్బతింటాది, కట్టు ఊడిపోతాది, కలలో ఏం చేస్తే ఒళ్ళు కూడా అదే చేస్తాది. ఆర్ఈఎమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అని పేరు, 1986లో అమెరికాలో డాక్టర్లు మొదటిసారి దీన్ని ఒక జబ్బుగా రాసినారంట. విచిత్రం ఏమంటే కొందరికి ఇది వణుకు రాకముందే, ఏండ్లకు ముందే మొదలవుతాది. మా అమ్మ చెయ్యి వణకడానికి ఏడెనిమిదేండ్ల ముందు నుంచే నిద్రలో ఎవరితోనో కొట్లాడేది, మేమంతా నవ్వేవాళ్ళం, ఆమె చనిపోయిన అత్తతో కొట్లాడతాంది అని. ఇప్పుడు తలుచుకుంటే ఎట్లనో ఉంటాది.

మీ నాయన్ని అడుగు, ఊర్లో ఉన్నప్పుడు కూడా అరిచేవాడా అని. కాదు, మీ అమ్మని అడుగు, ఆయనకేం తెలుస్తాది.

మందుకు ముందు గది సర్దు. మంచం పక్కన గాజు టేబులు, స్టూలు, రాగి చెంబు ఏమున్నా తీసెయ్. మంచం ఎత్తు తగ్గించు, కింద పాత పరుపో బొంతలో పరుచు. అమ్మను వేరే మంచం మీద పండుకోబెట్టు, ఈ రోజే. అరిచేటప్పుడు దగ్గరికి పోయి పట్టుకోవద్దు, పట్టుకుంటే ఆయన కలలో పంది మీదబడినట్టే కదా, ఇంకా గట్టిగా కొడతాడు. దూరంగా నిలబడి పేరు పెట్టి పిలవాల. మా అమ్మకు మొదట క్లోనజిపామ్ చిన్న డోసు ఇచ్చినారు, అరుపులు తగ్గినాయి గానీ పొద్దున తూలేది, తర్వాత మెలటోనిన్‌కి మార్చినారు, పూర్తిగా పోలేదు, ముందు వారానికి ఐదు రాత్రులు అరిచేది ఇప్పుడు ఒకటో రెండో. నువ్వు మాత్రం షాపులో అడిగి తేవద్దు, ఒకసారి తెచ్చింది చాలు.

ఇంకోటి, డిప్రెషన్ మాత్రలు కొన్ని ఈ కలల గొడవ ఎక్కువ చేస్తాయి. అవేమైనా వాడుతుంటే డాక్టరుకి చెప్పు, నీ అంతట నువ్వు మాన్పించొద్దు.

*

గుత్తి కోట (గుత్తి):

మా మామ అయితే నిద్రలో ఓట్లు అడుగుతాడు అన్నా. 20 ఏండ్ల కింద సర్పంచ్‌గా ఓడిపోయినాడు. పార్కిన్సన్స్ లేదు, మందు అలవాటు ఉంది. చూపించాల్నా ఆయన్ని కూడా?

*

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):

గుత్తి కోట, నవ్వులాటగా అడిగినా సరే చూపించు. ఊరికే మాట్లాడితే ఏం కాదు, చాలామంది మాట్లాడతారు. లేచి కొట్టడం, మంచం మీద నుంచి పడటం ఉంటే మాత్రం న్యూరో దగ్గరికి. తాగుడు ఉన్నట్టుండి మానేసినప్పుడు కూడా ఇట్లాంటివి వస్తాయంట.

*

రిటైర్డ్ అయ్యవారు (ప్రొద్దుటూరు):

నాయనా, నేను పేషెంటునే. పన్నెండేండ్ల అనుభవం. ఫోనులో మాట్లాడితే అది టైపు చేస్తుంది కాబట్టి తప్పులుంటే క్షమించండి, నా గొంతు దానికి సగమే వినబడుతుంది, వినబడని చోట అది దానికి తోచింది రాసుకుంటుంది.

ఇంట్లో వాళ్ళు చెప్పేది చూసినారు, లోపల నుంచి ఎట్లుంటుందో నేను చెప్తా. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. ఎడమ పక్క పండుకొని ఉంటా, భుజం నొప్పి పెడుతుంది, తిరగాల అనిపిస్తుంది. తిరగమని ఒంటికి చెప్తా, వినదు. ఒళ్ళు పరుపుకి మైదా పెట్టి అతికించినట్టు. చీమ కుట్టినా గోక్కోలేను. పక్కన ఆమె పండుకొని ఉంటుంది, పగలంతా నా చాకిరీ చేసి ఇప్పుడే కన్ను మూసింది, లేపాలంటే నోరు రాదు. గోడ గడియారం చూస్తా, 2:10. చాలాసేపయింది అనుకొని మళ్ళీ చూస్తే 2:25. మీ నాయన "ఏమే" అని పిలిచే ముందు ఎంతసేపు ఓర్చుకొని ఉంటాడో మీకు తెలియదు నాయనా. ఆయన్ని విసుక్కోవద్దు, నీవు విసుక్కుంటావని కాదు, చెప్తున్నా.

దీనికి కారణం సులభం. సందకాడ ఏడుకి వేసిన సిండోపా నాలుగైదు గంటలు పనిచేస్తే పదకొండు పన్నెండుకల్లా అయిపోయింది. మళ్ళీ పొద్దున ఏడుకి మాత్ర. మధ్యలో ఎనిమిది గంటలు బండి పెట్రోలు లేకుండా నిలబడినట్టే. తెల్లారుజామున వేళ్ళు కొంకర్లు పోయేదీ అందుకే, నాకూ పోయేవి. నాకు పండుకునేటప్పుడు సీఆర్ అని మెల్లగా కరిగే మాత్ర ఇచ్చినారు, దాన్ని నమలకూడదు, పొడి చేయకూడదు. ఇంకా తెల్లారుజామున ఐదుకి అలారం పెట్టుకొని తలగడ పక్కనే పెట్టుకున్న మామూలు మాత్ర పండుకొని ఉండగానే రోంత తల ఎత్తి నీళ్ళతో వేసుకుంటా, ఆరుకి కాళ్ళు నావి అవుతాయి. మీ డాక్టరుతో ఇది అడుగు.

ఇప్పుడు నా సొంత పరిశోధన. నూలు దుప్పటి, నూలు పంచె, నూలు బనియను, ఒకదానికొకటి పట్టుకుంటాయి, తిరగనియ్యవు. మా ఆమె ధర్మవరం పట్టుచీర ఒకటి, పెండ్లినాటిది, జరీ అంతా పోయింది, దాన్ని చింపి పరుపు మధ్యలో, నడుము కింద వచ్చేటట్టు అడ్డంగా పరిచి రెండు పక్కలా పరుపు కిందికి దోపినాం. నడుము సులభంగా జారుతుంది. మొత్తం మంచమంతా పరచొద్దు, ఒకసారి నేను అట్ల చేసి మంచం దిగబోతే జర్రున జారి కింద కూచున్నా. మడమలు ఆనుకునే చోట నూలు గుడ్డే ఉండాల, కాలు తన్ని తిరగడానికి పట్టు కావాల గదా. ఈ మాటలో రెండు పట్లూ ఉన్నాయి, గమనించండి, నేను తెలుగు పండిట్‌ని.

నులక మంచం వద్దు, అది లోపలికి దిగుతుంది, పాపం ఆ గుంతలోంచి మంచి ఆరోగ్యవంతుడే లేవలేడు. గట్టి మంచం, మరీ మెత్తగా లేని పరుపు. మంచం కాళ్ళ వైపు కోడుకి పాత చీర పురిపెట్టి ముళ్ళు వేసి కట్టినాం, ముడి ముడి పట్టుకొని లేచి కూచుంటా, బావిలో చేద లాగినట్టు. లేచినాక వెంటనే నిలబడను, అంచున రెండు నిమిషాలు కూచుంటా, ఈ జబ్బులో నిలబడగానే బీపీ పడిపోయే గుణం ఉంది. మీ నాయన బాత్రూం కాడ కూలబడినది ఆ నిద్రమాత్రతో పాటు ఇది కూడా కావచ్చు, పండుకున్నప్పుడు ఒకసారి నిలబడినప్పుడు ఒకసారి బీపీ చూపించండి.

ఒంటికి ప్లాస్టిక్ యూరిన్ క్యాన్ మంచం పక్కనే. మొదట సిగ్గుపడినా. తర్వాత రాత్రికి నాలుగు ప్రయాణాలు తప్పినాయి, సిగ్గు పోయింది. నీళ్ళు పగలు బాగా తాగి సాయంత్రం ఆరు తర్వాత తగ్గిస్తా, సందకాడ టీ బంద్.

తిండి సంగతి కూడా చెప్పాల. రాత్రి కోడికూర సంగటి తిని వెంటనే మాత్ర వేసుకుంటే ఆ మాత్ర సగమే పనిచేస్తుంది, మాంసం, పప్పు, గుడ్డు, పాలలో ఉండే ప్రొటీను సిండోపాలో ఉండే లెవోడోపా అనే మందుతో పోటీపడుతుంది. మాత్ర తిండికి అరగంట ముందు, లేదా తిన్నాక గంటన్నర ఆగి. చానామంది అన్నంతో పాటే మింగి మందు పనిచేయలేదని డాక్టరును తిడతారు.

1817లో లండన్‌లో జేమ్స్ పార్కిన్సన్ అనే ఆయన ఈ జబ్బు గురించి మొదటిసారి రాసినప్పుడే రోగికి నిద్ర బాగా చెడుతుందని కూడా రాసినాడు. రెండువందల ఏండ్లు దాటింది. ఇప్పటికీ డాక్టరు గదిలోకి పోతే చెయ్యి చాపమంటారు, వేళ్ళు ఆడించమంటారు, నడవమంటారు, రాత్రి ఎట్ల గడిచింది అని అడిగిన వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అవి వణికే వేళ్ళయినా సరే.

*

పులివెందుల పవర్:

అన్నా ఇంగ్లీషు మందులు అన్నీ ఆపేయ్. మా చిన్నాయనకి కంపవాతం ఉంటే దూలగొండి గింజల పొడి పాలలో కలిపి ఇచ్చినారు, నెల రోజుల్లో వణుకు తగ్గింది. సైడ్ ఎఫెక్ట్స్ లేవు, మన పూర్వీకులు ఊరికే చెప్పలేదు.

*

మాత్రల అంగడి (కడప):

పులివెందుల తమ్ముడూ, ఆపేయ్ అన్న మాట మాత్రం వెనక్కి తీసుకో. నేను 22 ఏండ్లుగా ఫార్మసిస్టుని, మందులమ్మే వాణ్ణి, డాక్టరుని కాదు, అయినా ఇది చెప్పాలి. దూలగొండి గింజలో ఉండేది కూడా లెవోడోపానే, సిండోపాలో ఉండేదే, అందుకే మీ చిన్నాయనకు పనిచేసింది, పూర్వీకులు ఊరికే చెప్పలేదు అన్నది నిజమే. కానీ పొడిలో ఏ చెంచాలో ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు, సిండోపా మీద అది కూడా వేస్తే డోసు ఎక్కువై ఒళ్ళు వంకర్లు తిరగడం, లేనివి కనపడటం మొదలవుతాయి. ఇక సిండోపా ఉన్నట్టుండి ఆపితే ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయి, జ్వరం విపరీతంగా పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. ఇది బెదిరింపు కాదు. మాత్రలు అయిపోయినాయి, సోమవారం తెచ్చుకుంటాంలే అని మూడు రోజులు ఆపేవాళ్ళు మా షాపుకే వస్తుంటారు, ప్రతిసారీ తిడతాను.

అనంతపురం బ్రదర్, మీ లిస్టు చూసినా. నాకు కనపడినవి చెప్తా, మీ డాక్టరును అడగడానికి మాత్రమే.

ప్రమిపెక్సోల్ పగలు నిద్ర తెస్తుంది. మామూలు తూగు కాదు, కొందరికి చెప్పాపెట్టకుండా ఒక్కసారిగా నిద్ర ముంచుకొస్తుంది, ముద్ద నోట్లో ఉండగా నిద్రపోయినాడు అన్నారే, నాకు అదే తట్టింది. ముద్ద గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, తినేటప్పుడు ఎవరో ఒకరు పక్కన ఉండండి. ఆయన ఇంకా టీవీఎస్ ఎక్సెల్ నడుపుతుంటే తాళాలు దాచేయండి. ఈ మందుతోనే కొందరికి పేకాట, లాటరీ, కొనుగోళ్ళ పిచ్చి పట్టడం కూడా ఉంది, ఇంట్లో డబ్బు ఊరికే మాయమవుతుంటే డాక్టరుకి చెప్పండి, సిగ్గుపడి దాచేస్తారు చాలామంది.

పాసిటేన్ వయసు మీద పడిన వాళ్ళకు మతిమరుపు, తికమక, మూత్రం సరిగ్గా రాకపోవడం తెస్తుంది. 68 ఏండ్ల మనిషికి ఇంకా అవసరమా అని అడగండి, అది కూడా ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లగా తగ్గిస్తారు. ఈ జబ్బుకే ఇచ్చే అమాంటడిన్, సెలిజిలిన్ వాడేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే అవి సాయంత్రం వేసుకుంటే నిద్ర పట్టదు, పొద్దున, మధ్యాహ్నం లోపలే వేసుకోవాలి.

ఇంకోటి మన వైపు బాగా జరిగేది. వాంతులు అని పోతే మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్, గ్యాస్ అంటే లెవోసల్పిరైడ్ కలిపిన మాత్ర, తల తిరుగుతుందంటే సిన్నరిజినో ఫ్లూనరిజినో నెలల తరబడి. ఇవన్నీ పార్కిన్సన్స్‌ను పెంచుతాయి, కొందరికైతే లేని పార్కిన్సన్స్ లక్షణాలను తెస్తాయి కూడా. రాత్రి లేనివి కనపడుతున్నాయని ఎవరైనా హాలోపెరిడాల్ రాస్తే, అది కూడా ఇట్లాంటిదే, పార్కిన్సన్స్ ఉందని గట్టిగా చెప్పండి. చీటీ మీద పెద్దక్షరాలతో రాసి ఆయన జేబులో పెట్టండి, ఎమర్జెన్సీలో మీరు లేకపోయినా చదువుకుంటారు.

పండుకున్నాక కాళ్ళు లాగుతున్నాయి, ఆడిస్తే గానీ ఉండలేకపోతున్నాను అంటాడా? అంటే అది ఇంకో సమస్య, ఐరన్ నిల్వలు, ఫెరిటిన్ అంటారు, ఆ రక్తపరీక్ష చేయిస్తారు. గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా? అయితే స్లీప్ స్టడీ అవసరం పడొచ్చు, అట్లాంటి మనిషికి నిద్రమాత్ర ఇవ్వడం మరీ ప్రమాదం.

చివరికి ఒక పని చేయండి. పది రాత్రులు ఒక నోట్‌బుక్‌లో టైములు రాయండి. ఎన్నింటికి మాత్ర, ఎన్నింటికి తిండి, ఎన్నింటికి అరుపు, ఎన్నిసార్లు ఒంటికి, ఎన్నింటికి కాలు కొంకర్లు. అరుపులు ఫోన్లో వీడియో తీయండి. రెండు నిమిషాలే చూసే డాక్టరుకైనా ఆ కాగితం ముందు పెడితే ఇంకో రెండు నిమిషాలు ఆగక తప్పదు.

*

చెనిక్కాయల చేను (అనంతపురం):

ఫోన్లో చదివి చదివి కండ్లు మంటలు. అయ్యవారూ, మీరు రాసింది నాయనకు చదివి వినిపించినా. ఏమీ మాట్లాడలే. సేపటికి "గడియారం సంగతి నిజమే" అన్నాడు. మా గదిలో కూడా మంచానికి ఎదురుగానే ఉంది గడియారం, తీసి హాల్లో పెట్టినా.

అక్కా, అమ్మని అడిగినా నువ్వు చెప్పినట్టే. జబ్బు తెలియకముందు నాలుగైదేండ్ల నుంచే ఉందంట, కాపలాకి పోయి మంచె మీద పండుకున్నప్పుడు ఒకసారి కింద పడినాడంట కూడా, మేమేమో తాగినాడు అనుకున్నాం అప్పట్లో. ఆయన తాగడు.

*

తుంగభద్ర ఒడ్డు (కర్నూలు):

తమ్ముడూ, ఇంతమంది ఇన్ని చెప్పినారు, మీ అమ్మ గురించి ఎవరూ అడగలే. ఆమె షుగర్ చూపించినావా ఈ మధ్య? నిద్ర లేకపోతే షుగర్ ఏడ నిలబడతాది. మా నాయన రెండేండ్లు అమ్మ పక్కనే కూచొని కూచొని చివరికి ఆయనే ఆసుపత్రిలో పడినాడు. వారానికి రెండు రాత్రులు నువ్వు, ఒక రాత్రి నీ భార్యో చెల్లెలో, వంతులేసుకోండి. అమ్మ ఒప్పుకోదు, ఆయనకి నేనే ఉండాల అంటాది, ఆ మాట వినొద్దు. డబ్బులుంటే రాత్రికి మనిషిని పెట్టుకోండి.

ఇంకా, 2016 వికలాంగుల చట్టంలో 21 రకాలు చేర్చినారు, అందులో పార్కిన్సన్స్ పేరు ఉంది. సదరం క్యాంపుకి పోయి సర్టిఫికెట్ ప్రయత్నం చేయండి, మాకు మూడుసార్లు తిరగాల్సి వచ్చింది, అది వేరే కథ.

*

చెనిక్కాయల చేను (అనంతపురం):

మూడు వారాల తర్వాత రాస్తాండా, ఎవరైనా వెతుక్కుంటా వస్తే పనికొస్తాదని.

బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రికి పోవాలనుకున్నాం, 200 కిలోమీటర్ల పైన ఈయన్ని కూచోబెట్టి తీసుకుపోవడం, మొబ్బులోనే లైన్లో నిలబడటం తలుచుకొని ముందు దగ్గర్లో ఇంకో న్యూరో డాక్టరుకి చూపించినాం. పది రాత్రుల నోటుబుక్ తీసుకుపోయినా, మా పాప గళ్ళు కొట్టి రంగులేసి ఇచ్చింది, పంది బొమ్మ వేసింది అరుపులున్న చోట. డాక్టరు నవ్వినాడు, తర్వాత మొత్తం చదివినాడు. వీడియో రెండుసార్లు చూసినాడు. ఇరవై నిమిషాలు కూచోబెట్టినాడు మమ్మల్ని, నేను ఇంత టైము ఎప్పుడూ చూడలే.

పాసిటేన్ వారం వారం తగ్గించి ఆపమన్నాడు. ప్రమిపెక్సోల్ డోసు తగ్గించినాడు. పండుకునేటప్పుడు సిండోపా సీఆర్, తెల్లారుజామున ఐదుకి ఒకటి, అయ్యవారు చెప్పిందే. మెలటోనిన్ పెట్టినాడు. నిలబెట్టి బీపీ చూస్తే 140 ఉన్నది 112కి దిగింది, అందుకే లేచేటప్పుడు కూలబడతాండాడు అన్నాడు. ప్రొస్టేట్ కూడా పెద్దదయిందంట స్కానింగులో, దానికి వాడే మాత్రల్లో కొన్ని బీపీ ఇంకా దించుతాయంట, కాబట్టి యూరాలజీ డాక్టరుకి చీటీ రాసి అదే మాట ఎర్ర పెన్నుతో రాసినాడు.

ఇప్పుడెట్లుందంటే, కాలు కొంకర్లు మూడు వంతులు పోయినాయి. ఒంటికి రెండుసార్లే. పగలు తూగు తగ్గింది గానీ పోలేదు, మధ్యాన్నం అన్నం తిన్నాక గంట పండుకుంటాడు, దానికి డాక్టరు సరే అన్నాడు, సాయంత్రం మాత్రం తూగనియ్యొద్దంట. మొన్న మేడ మీద చెనిక్కాయలు ఎండబోస్తే కుర్చీ వేసుకొని కాపలా కూచున్నాడు రెండు గంటలు, కాకులు కూడా రాలే. పాసిటేన్ ఆపినాక చెయ్యి వణుకు రోంత పెరిగింది, అది ఓర్చుకుంటా అంటాడు.

పట్టుచీర అడిగితే అమ్మ మొదట ఇయ్యలే, నీకు మందు కావాల్నా చీర కావాల్నా అని తిట్టింది నాయన్ని. తర్వాత ఆమే బీరువాలోంచి తీసి కొలతేసి చింపింది. అమ్మ ఇప్పుడు హాల్లో పండుకుంటాది, నేను సోమ, గురువారాలు గదిలో. పిలవడానికి గొంతు రాదు కాబట్టి ఊర్లో పాత సామాన్లలో ఎద్దు మెడకు కట్టే గంట ఉంటే తెచ్చి మంచానికి కట్టినాం, తాడు ఆయన చేతికందేటట్టు. మొదటి రాత్రి ఊరికే నాలుగుసార్లు కొట్టినాడు, పనిచేస్తాందో లేదో చూసినా అంటాడు.

అరుపులు ఇంకా ఉన్నాయి. మొన్న రాత్రి "పందులొచ్చినాయ్" అని ఒకసారి అరిచినాడు, అమ్మ హాల్లోంచే "పోయినాయ్ లే, పండుకో" అనింది. పండుకున్నాడు.

*

రిటైర్డ్ అయ్యవారు (ప్రొద్దుటూరు):

సంతోషం నాయనా. పట్టుగుడ్డ ఉతికేటప్పుడు గంజి పెట్టనియ్యకు, గంజి పెడితే జారదు. మా ఇంట్లో ఒకసారి పెట్టినారు.